పాత టర్బో కారు కొంటున్నారా? బయానా ఇచ్చే ముందు కూలెంట్ లీకేజీ ఇలా చూసుకోండి

చిలుకూరు (సూర్యాపేట జిల్లా): కోదాడ, హుజూర్‌నగర్ మధ్య రోడ్డు మీద ఉన్న మన చిలుకూరులో, పక్కన బేతవోలు లాంటి ఊళ్లలో ఇప్పుడు చాలా ఇళ్ల ముందు కారు కనిపిస్తోంది. అందులో కొత్తగా షోరూం నుంచి దిగినవి కొన్నే. మిగతావన్నీ ఒకరు వాడి అమ్మినవి. వడ్డీ లోన్ జోలికి పోకూడదనుకునే మన కుటుంబాలు గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపిన డబ్బో, వడ్లు అమ్మగా వచ్చిన డబ్బో ఒక్కసారే చేతిలో పెట్టి పాత కారు కొంటాయి. బండిలో ఐబ్ బయటపడితే పోయేది ఆ నెల కిస్తీ కాదు, ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము.

తక్కువ ధరకు వచ్చే పాత కార్లలో టర్బో డీజిల్ బండ్లు ఎక్కువగా కనిపిస్తాయి. మారుతి స్విఫ్ట్ డీజిల్ 2007లో వచ్చింది. ఆ 1.3 లీటర్ల ఇంజిన్‌నే తర్వాత డిజైర్, ఎర్టిగా, బ్రెజాల్లో కూడా పెట్టారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. అంటే ఇవాళ అమ్మకానికి వచ్చే ప్రతి స్విఫ్ట్ డీజిల్ పాతదే. ఇన్నోవా 2.5, స్కార్పియో, ఐ20 డీజిల్ కూడా టర్బో బండ్లే. పోలో టీఎస్ఐ, ఎకోస్పోర్ట్ ఎకోబూస్ట్ లాంటివి టర్బో పెట్రోల్.

ఈ బండ్లలో కొనేవాళ్లు తరచుగా వదిలేసేది కూలెంట్ లీకేజీ. లీకేజీ అంటే రెండు వందల రూపాయల క్లిప్పు వదులు కావచ్చు, ఇంజిన్ హెడ్డు దించాల్సిన పని కావచ్చు. పైకి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి, డబ్బాలో కూలెంట్ తగ్గుతుంది అంతే. పది నిమిషాల్లో బండి చూసి వచ్చేవాళ్లకు ఆ తేడా దొరకదు. అందుకే పద్ధతి ఒకటి గుర్తుపెట్టుకోండి: చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి, మళ్లీ చల్లారాక ఒకసారి చూడాలి. ఈ మూడు చూపుల్లో ఏది తప్పినా పరీక్ష పూర్తి కానట్టే.

కూలెంట్ ఏం చేస్తుంది?

ఇంజిన్ లోపల పుట్టిన వేడిని రేడియేటర్ దాకా మోసుకొచ్చి గాలికి వదిలేసేది కూలెంట్. ఇది మామూలుగా ఇథిలీన్ గ్లైకాల్, మినరల్స్ తీసేసిన నీళ్లు సగం సగం కలిపిన ద్రవం. తుప్పు పట్టకుండా మందులు కూడా ఉంటాయి. నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. ఈ మిశ్రమం 106 - 108 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత బిగించి లోపల ఒక బార్ ఒత్తిడి నిలిస్తే 125 డిగ్రీలు దాటేదాకా మరగదు. మూత ఎంత ఒత్తిడి ఆపాలో చాలా బండ్లలో మూత మీదే రాసి ఉంటుంది.

అసలు కిటుకు ఈ ఒత్తిడిలోనే ఉంది. ఎక్కడో సన్నని లీకేజీ ఉంటే పోయేది నాలుగు చుక్కలే అనిపిస్తుంది. కానీ ఆ రంధ్రం నుంచి ఒత్తిడి కూడా పోతుంది. ఒత్తిడి పోతే కూలెంట్ తొందరగా మరుగుతుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండ, ఏసీ ఫుల్లు, బండి నిండా మనుషులు ఉంటే అదే లీకేజీ ఇంజిన్‌ను బాయిల్ చేస్తుంది. అల్యూమినియం హెడ్డు ఒక్కసారి వంకర పోయిందంటే బిల్లు వేలు దాటి పదివేలల్లోకి వెళ్తుంది.

టర్బో ఉంటే తేడా ఏంటి?

టర్బో అంటే సైలెన్సర్ వైపు పోయే వేడి పొగతో తిరిగే చిన్న ఫ్యాను. అది గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. చిన్న ఇంజిన్‌కు పెద్ద బలం వస్తుంది. దాంతో పాటు సిలిండర్‌లో ఒత్తిడి, వేడి రెండూ పెరుగుతాయి. హెడ్ గ్యాస్కెట్ మీద భారం ఎక్కువ పడుతుంది.

టర్బో పెట్రోల్ కార్లలో టర్బో మధ్య భాగానికి కూలెంట్ పైపులు కూడా వెళ్తాయి. ఆ పైపుల చివరన ఉండే వాషర్లు, రబ్బర్లు ఏళ్ల తరబడి వేడికి కాలి గట్టిపడి పగులుతాయి. చాలా చిన్న డీజిల్ బండ్లలో టర్బోను ఇంజిన్ ఆయిలే చల్లబరుస్తుంది. అక్కడ ఆ లీకేజీ ఉండదు. కానీ డీజిల్‌లో ఈజీఆర్ కూలర్ అనే ఇంకో భాగం ఉంటుంది. పొగలో కొంత భాగాన్ని కూలెంట్‌తో చల్లబరిచి మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది అదే. అది లోపల పగిలితే కింద ఒక్క చుక్క పడదు. కూలెంట్ పొగతో కలిసి పోతుంది.

లీకయ్యే చోట్లు

బయటికి కనిపించేవి: పై హోస్, కింది హోస్, వాటి క్లిప్పులు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచు, ప్లాస్టిక్ థర్మోస్టాట్ హౌసింగ్, చిన్న టీ జాయింట్లు, వాటర్ పంపు కింద ఉండే సన్న రంధ్రం, కూలెంట్ డబ్బా, దాని మూత, టర్బో పెట్రోల్‌లో టర్బో పైపులు.

బయటికి కనిపించనివి: హెడ్ గ్యాస్కెట్, పగిలిన హెడ్డు, ఈజీఆర్ కూలర్, ఆయిల్ కూలర్, డ్యాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ కోర్. మనకు అసలు భయం వీటితోనే.

మొదటి చూపు: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు

ఫజర్ నమాజ్ అయ్యాక నేరుగా అమ్మేవాళ్ల ఇంటికే వెళ్లండి. ముందురోజే "బండి స్టార్ట్ చేయకుండా ఉంచండి భాయ్" అని చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే పొద్దున్నే ఎవరో వేడి చేసి ఉంచారని అర్థం. గొడవ అక్కర్లేదు, ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.

1. రాత్రంతా బండి నిలబడిన చోట నేల చూడండి. ఆకుపచ్చ, గులాబీ, ఎరుపు, నారింజ రంగు మరక ఉంటే కూలెంట్. ఏసీ నుంచి కారేది రంగు, వాసన, జిడ్డు లేని మంచినీళ్లు. దాన్ని చూసి భయపడొద్దు.

2. డబ్బాలో మట్టం కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉండాలి. చల్లగా ఉన్నప్పుడే మూత తీసి రంగు చూడండి. తేటగా ఉంటే మంచిది. ఇటుక రంగు నీళ్లుంటే బోరు నీళ్లు పోసి నడిపారని అనుకోవాలి. మన నల్గొండ, సూర్యాపేట వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. అవి రేడియేటర్ సన్న గొట్టాల్లో సున్నంలా పేరుకుంటాయి. పైన నూనె తెట్టె తేలుతుంటే ఆయిల్ కూలర్ గానీ హెడ్ గ్యాస్కెట్ గానీ పోయినట్టు అనుమానించాలి.

3. ఫోన్ టార్చి వేసి హోస్‌ల చివర్లు, వాటర్ పంపు కింద భాగం, రేడియేటర్ అంచులు చూడండి. ఆరిపోయిన కూలెంట్ తెల్లగానో గులాబీగానో ఉప్పు పొరలా అంటుకొని ఉంటుంది. తడి తుడిస్తే పోతుంది గానీ ఈ పొర మూలల్లో మిగిలిపోతుంది.

4. ఇంజిన్ ఆయిల్ మూత తీసి లోపలి వైపు చూడండి, డిప్‌స్టిక్ కూడా లాగి చూడండి. ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోంది. బేరం అక్కడే ఆపేయండి.

5. డబ్బా మీద మట్టం దగ్గర చిన్న టేపు అంటించి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. తర్వాత పోల్చడానికి ఇదే సాక్ష్యం.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి. ఒక నిమిషం కాగానే పై హోస్ నొక్కి చూడండి. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉంది కాబట్టి హోస్ మెత్తగా ఉండాలి. అప్పుడే రాయిలా గట్టిపడితే సిలిండర్‌లోని గ్యాసు కూలెంట్‌లోకి వస్తోందని అనుమానం. మూత తీసి ఉంచితే డబ్బాలో మొదట ఒకటి రెండు బుడగలు రావచ్చు. యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ ఆగకుండా బుడగలు వస్తుంటే గ్యాస్కెట్ సంగతి చూడాల్సిందే. మన షెడ్లలో దీన్నే "కంప్రెషన్ కొడుతోంది" అంటారు. ఇంజిన్ వేడెక్కకముందే మూత మళ్లీ బిగించాలి.

సైలెన్సర్ పొగ కూడా చూడండి. చలికాలం పొద్దున కాసేపు తెల్ల ఆవిరి మామూలే. ఎండాకాలంలో, ఇంజిన్ వేడెక్కాక కూడా చిక్కటి తెల్ల పొగ, తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ మండుతోంది. తెల్ల పొగలో డీజిల్ వాసన ఉంటే ఇంజెక్టర్ల వైపు చూడాలి. నీలి పొగ అయితే ఆయిల్ కాలుతోంది, టర్బో సీలు కూడా కారణం కావచ్చు.

రెండో చూపు: రోడ్డు మీద వేడెక్కించి

ఊళ్లో రెండు సందులు తిప్పితే లాభం లేదు. కనీసం అరగంట నడపాలి. చిలుకూరు నుంచి హుజూర్‌నగర్ దాకా వెళ్లి రండి, లేదా కోదాడ మీదుగా విజయవాడ హైవే ఎక్కండి. నలుగురు కూర్చోవాలి, ఏసీ ఫుల్లు పెట్టాలి. ఖాళీ రోడ్డు దొరికిన చోట పరిమితి దాటకుండా మూడో గేరులో గట్టిగా లాగించండి. టర్బో పూర్తిగా పని చేసినప్పుడే సిలిండర్ ఒత్తిడి పెరిగి బలహీనమైన గ్యాస్కెట్ బయటపడుతుంది.

తర్వాత నిదానంగా నడపాలి. వడ్ల లారీలు, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు లారీల వెనక పాకుతూ పోయేటప్పుడు రేడియేటర్‌కు ఎదురుగాలి ఉండదు, ఫ్యాను ఒక్కటే దిక్కు. హైవే మీద చల్లగా ఉండి ఇక్కడ ముల్లు పైకెక్కితే ఫ్యాను గానీ, చెత్తతో మూసుకున్న రేడియేటర్ గానీ కారణం. కోతల కాలంలో ఊక, గడ్డి దుమ్ము ఇంటర్‌కూలర్, ఏసీ కండెన్సర్, రేడియేటర్ మధ్య ఇరుక్కుంటుంది. అది లీకేజీ కాదు, కడిగిస్తే పోతుంది. హైవే మీదే ముల్లు ఎక్కితే మాత్రం కూలెంట్ తక్కువ ఉండటం, లోపల గొట్టాలు పూడుకోవడం, గ్యాస్కెట్ పోవడం లాంటివి చూడాలి.

కొన్ని చిన్న కార్లలో టెంపరేచర్ ముల్లు ఉండదు. నీలి లైటు, ఎర్ర లైటు మాత్రమే ఉంటాయి. ఎర్ర లైటు వెలిగేసరికే ఆలస్యం అయిపోతుంది. అలాంటి బండికి ఓబీడీ స్కానర్ పెట్టి ఫోన్‌లో డిగ్రీలు చూడండి. చాలా బండ్లలో 85 నుంచి 105 మధ్య తిరుగుతుంది. అంతకన్నా పైకి పోతూ ఉంటే ఆపేయాలి. అరగంటైనా 70 కూడా దాటకపోతే థర్మోస్టాట్ తీసేసి ఉండొచ్చు. ఎందుకు తీశారో అడగాలి.

క్యాబిన్‌లో తియ్యటి వాసన, అద్దం లోపలి వైపు జిడ్డు ఆవిరి, ముందు సీటు కింద కార్పెట్ జిగటగా తడి ఉంటే హీటర్ కోర్ లీకేజీ. మన దగ్గర హీటర్ ఎవరూ వాడరు కాబట్టి దీన్ని ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు.

మూడో చూపు: ఆపి, చల్లారాక

తిరిగొచ్చాక వెంటనే ఇంజిన్ ఆపకుండా ఒక నిమిషం స్లోలో ఉంచండి, టర్బోకు మంచిది. ఆపాక కూడా ఫ్యాను తిరగొచ్చు. కొన్ని టర్బో పెట్రోల్ కార్లలో చిన్న ఎలక్ట్రిక్ పంపు కాసేపు చప్పుడు చేస్తుంది. అది తప్పు కాదు.

ఆపిన తర్వాత పావుగంట చాలా ముఖ్యం. లోపల ఒత్తిడి నిండుగా ఉంటుంది కాబట్టి సన్న లీకేజీ అప్పుడే చుక్క వదులుతుంది. కింద అట్టముక్క పరచండి. బానెట్ తీసి చెవి పెడితే బుస్సుమనే చప్పుడు వినిపించొచ్చు. మూత మీద మాత్రం చెయ్యి వేయొద్దు. వేడి మీద మూత తిప్పితే మరిగే కూలెంట్ ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

రెండు మూడు గంటలయ్యాక, వీలైతే మర్నాడు పొద్దున, టేపు గుర్తు దగ్గర మట్టం చూడండి. ఫోటోతో పోల్చండి. మట్టం తగ్గింది, కింద చుక్క లేదు అంటే కూలెంట్ లోపలికే పోతోంది. ఈ ఒక్క సంగతి తెలియడానికైనా రెండోసారి వెళ్లడం మంచిది.

షెడ్డులో చేయించాల్సిన రెండు పరీక్షలు

మొదటిది ప్రెషర్ టెస్ట్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బా మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి దాకా గాలి కొడతారు. పది పదిహేను నిమిషాలు ముల్లు కదలకపోతే వ్యవస్థ గట్టిగా ఉన్నట్టు. పడిపోతుంటే ఎక్కడో కారుతోంది. మూతను కూడా విడిగా పరీక్షించమనండి.

రెండోది గ్యాస్ టెస్ట్. డబ్బా నోటి దగ్గర నీలి రంగు ద్రవం ఉన్న గొట్టం పెట్టి లోపలి గాలిని దాని గుండా లాగుతారు. సిలిండర్ గ్యాసు ఉంటే ద్రవం రంగు మారుతుంది. సాధారణంగా పెట్రోల్‌కు పసుపు, డీజిల్‌కు ఆకుపచ్చ. ఈ పరికరాలు చిన్న షెడ్లలో లేకపోతే కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడల్లో పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్లండి. అమ్మేవాళ్లకు తెలిసిన మెకానిక్ కాకుండా మీకు తెలిసిన మేస్త్రీని పట్టుకోండి. ఆయన కూలీ ఇవ్వడానికి వెనకాడొద్దు.

దాచే పద్ధతులు

లీకేజీని కొన్ని రోజులు కనపడకుండా చేయడం కష్టం కాదు. రేడియేటర్‌లో పసుపు పొడో, స్టాప్‌లీక్ మందో పోస్తారు. ప్లాస్టిక్ ట్యాంకు పగులుకు ఎంసీల్ రాస్తారు. ఫ్యాను వైరు "డైరెక్ట్" చేసి ఇగ్నిషన్ వేయగానే తిరిగేలా పెడతారు. థర్మోస్టాట్ పీకేస్తారు. ఇంజిన్ రూం మొత్తం వాటర్ వాష్ చేయించి పాలిష్ కొడతారు. పదేళ్ల బండిలో ఒక్క ఇంజిన్ మాత్రమే కొత్తగా మెరుస్తుంటే ఆలోచించండి. డబ్బా అడుగున పసుపు మడ్డి, కొత్త కూలెంట్ పక్కనే పాత తుప్పు మరకలు, హెడ్డు బోల్టుల మీద తాజా పానా గుర్తులు కనిపిస్తే అడగాలి. హెడ్డు దించి చేయించడం తప్పు కాదు. బిల్లు చూపించి, లేత్‌లో ఫేసింగ్ చేయించామని చెప్తే మంచిదే. దాస్తే మాత్రం అనుమానించాల్సిందే.

కొనొచ్చా, వదిలేయాలా?

కొనొచ్చు, ధర తగ్గించుకొని: హోస్, క్లిప్పు, మూత, డబ్బా, థర్మోస్టాట్ హౌసింగ్, రేడియేటర్. ఇవి బయటి పనులు. వాటర్ పంపు కూడా చేయించొచ్చు, కానీ టైమింగ్ బెల్టుతో తిరిగే బండ్లలో బెల్టు కూడా కలిపి మార్చాలి, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

మెకానిక్ మాట మీదే నిర్ణయం: టర్బో పైపులు, ఈజీఆర్ కూలర్, ఆయిల్ కూలర్, హీటర్ కోర్. విడిభాగం దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. మారుతి, టయోటా సామాన్లు సులభంగా దొరుకుతాయి. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. షెవర్లే 2017 చివరికే అమ్మకాలు ఆపేసింది. అలాంటి బండ్లకు భాగం ముందు, బయానా తర్వాత.

వదిలేయాలి: ఆయిల్‌లో కూలెంట్, ఆగని బుడగలు, గ్యాస్ టెస్ట్‌లో రంగు మారడం, వేడెక్కాక కూడా తియ్యటి తెల్ల పొగ. "హెడ్డు పని చిన్నదే, చేయించుకోండి" అని ధర తగ్గిస్తామన్నా వద్దు. హెడ్డు విప్పేదాకా ఖర్చు ఎంతో ఎవరూ చెప్పలేరు.

అమ్మేవాళ్లకూ ఒక మాట

మన దేశంలో 1930 నాటి వస్తువుల అమ్మకపు చట్టం, సెక్షన్ 16, కొన్ని మినహాయింపులు పెట్టి, సరుకు నాణ్యత చూసుకునే బాధ్యత కొనేవాళ్ల మీదే ఉంచింది. షరియత్‌లో తెలిసిన ఐబ్‌ను చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్ల మీద ఉంది. బజారులో ధాన్యపు కుప్పలో ప్రవక్త (స) చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. వానకు తడిసిందని ఆ వ్యాపారి చెప్పుకుంటే, తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన పెట్టాల్సింది కదా అని మందలించారు. వడ్ల తేమ చూసి ధర కట్టే ఊళ్లలో ఉన్న మనకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. డబ్బాలో స్టాప్‌లీక్ పోసి అమ్మడమంటే తడి వడ్ల మీద ఎండు వడ్లు కప్పడమే.

దాచిన ఐబ్ తర్వాత బయటపడితే సరుకు తిప్పి ఇచ్చే హక్కును ఫిఖహ్‌లో ఖియార్-ఎ-ఐబ్ అంటారు. ముందే గడువు మాట్లాడుకొని, నచ్చకపోతే వాపసు ఇచ్చే షరతు పెట్టుకోవడం ఖియార్-ఎ-షర్త్. ఇమామ్ అబూ హనీఫా దీనికి మూడు రోజుల హద్దు చెప్పారు. మర్నాడు మట్టం మళ్లీ చూడడానికి మూడు రోజులు చాలు. మీ బేరానికి ఇది ఎలా వర్తిస్తుందో మసీదులో ఆలిమ్ సాబ్‌ను అడగండి. ఒప్పుకున్న మాటను ఇద్దరు సాక్షుల ముందు కాగితం మీద రాసుకోండి: ఇంజిన్ ఎప్పుడైనా బాయిల్ అయిందా, హెడ్డు దించారా, ఇప్పుడు లీకేజీ ఉందా, ఎన్ని రోజుల్లో వాపసు.

కాగితాలు

కోదాడ సరిహద్దు ఊరు కాబట్టి ఆంధ్ర నంబరు బండ్లు చాలా వస్తాయి. అలాంటి బండికి ఎన్‌వోసీ కావాలి, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు ధరలో చూసుకోండి. పేరు మార్పుకు ఫారం 29, 30. ఫైనాన్స్ ఉన్న బండి అయితే అది తీరినట్టు ఫారం 35. పసుపు ప్లేటు నుంచి తెల్ల ప్లేటుకు మార్చిన ఇన్నోవా, డిజైర్ అయితే మీటరు చూపించే కిలోమీటర్లను నమ్మొద్దు, కంపెనీ సర్వీసు సెంటర్లో నంబరు చెప్పి సర్వీసు చరిత్ర అడగండి. రేడియేటర్, వాటర్ పంపు, హెడ్ గ్యాస్కెట్ ఎప్పుడు మార్చారో అందులో దొరకొచ్చు.

ఇంట్లో పిల్లలుంటే

కూలెంట్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. ఎర్ర కూలెంట్ నీళ్ల సీసాలో పోసి పెడితే అచ్చం షర్బత్‌లా కనిపిస్తుంది. ఖాళీ వాటర్ బాటిల్‌లో ఎప్పుడూ పోసి ఉంచొద్దు. నేల మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి, మేకలు, పిల్లులు నాకుతాయి. ఎవరైనా తాగితే కక్కించడానికి చూడకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బండి కొన్నాక మొదటి పని పాత కూలెంట్ తీయించి కంపెనీ చెప్పిన రకం పోయించడం. మధ్యలో తగ్గితే బోరు నీళ్లు కాదు, బ్యాటరీ వాటర్ పోయాలి. మొదటి నెల వారానికోసారి, జుమా రోజు పొద్దున ఇంజిన్ చల్లగా ఉండగా, డబ్బా మట్టం చూసే అలవాటు పెట్టుకోండి. తర్వాత జాన్‌పహాడ్ ఉర్సుకు వెళ్లినా, పెళ్లికి హైదరాబాద్ వెళ్లినా, నడిరోడ్డు మీద బానెట్ ఎత్తుకొని నిలబడాల్సిన అవసరం రాదు, ఇన్‌షా అల్లాహ్.